ఆరు తలపాగాల లెక్క

ఫిబ్రవరి, మార్చి నెలలు వచ్చాయంటే పల్నాడులో కల్లాలు ఎర్రబడతాయి. నరసరావుపేట నుంచి కారంపూడి వైపు బస్సులో పోతుంటే ఎక్కడ చూసినా ఎండబోసిన మిరపకాయే. కిటికీ తీస్తే ఘాటు గొంతులో దిగుతుంది. ఆ రోజుల్లో మిరప వేసిన ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న నలుగుతూ ఉంటుంది: కాయ ఇప్పుడే గుంటూరు యార్డుకు తోలదామా, ఏసీలో పెడదామా? ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ. మా వైపు రైతు నోట్లో నలిగే మాట అదే.

వినడానికి చిన్న ప్రశ్న. ఏడాది చాకిరీ, కౌలు, కోత కూలి, పిల్లల ఫీజులు అన్నీ దాని మీదే వేలాడుతుంటాయి. 2021-22లో నల్ల తామర పురుగు దిగి చేలకు చేలే పూత రాల్చేసింది. 2023లో తేజ రకం క్వింటా ఇరవై వేలు దాటి పలికింది. 2025 మొదట్లో ధర ఎంత జారిందంటే, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలని ఒక అంకె ప్రకటించాల్సి వచ్చింది. నాలుగేళ్లలో ఇన్ని మలుపులు చూసిన ఇంట్లో ఒక్కొక్కరి అనుభవం ఒక్కో వైపు లాగుతుంది. లాభం చూసినవాడికి ఆగుదామనిపిస్తుంది. దెబ్బ తిన్నవాడికి వదిలించుకుందామనిపిస్తుంది.

ఒక ఇంటిని ఊహించుకుందాం. ఇలాంటి ఇళ్లు మా దగ్గర ఊరికి పది ఉంటాయి కాబట్టి ఊహకు పెద్దగా శ్రమ పడక్కర్లేదు. తండ్రి, ఇద్దరు కొడుకులు, లెక్కల పుస్తకం రాసే పెద్దకోడలు, ఒకప్పుడు యార్డులో గుమాస్తాగా చేసిన మేనమామ. కల్లంలో 300 టిక్కీల కాయ. టిక్కీ అంటే బస్తా, దానికి 40 కిలోలు వేసుకుంటే 120 క్వింటాళ్లు. ధర పదకొండున్నర వేల దగ్గర ఊగుతోంది. పెద్దవాడు ఏసీలో పెడదామంటాడు, చిన్నవాడు అమ్మేద్దామంటాడు. పది నిమిషాలు గడిచేసరికి మాట మిరపకాయ మీద ఉండదు. "నిరుడు నీ మాట వినే కదా పత్తి వేసింది" అని ఒకరు, "నువ్వు చెప్పినవాడికే కదా అప్పిచ్చింది" అని ఇంకొకరు. అక్కడి నుంచి ఏసీలో పెట్టడం అన్న మాటైపోతుంది, అమ్మడం తమ్ముడి మాటైపోతుంది. ఎవరి మాట నెగ్గింది అనేదే చివరికి మిగిలే లెక్క.

మాట మీద పట్టు ఎంత ఖరీదో పల్నాడుకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కోడిపందెంలో ఓడితే ఏడేళ్లు రాజ్యం వదిలిపోవాలన్న షరతుకు సభ మొత్తం తలూపిన కథ ఇక్కడిది. కార్తీకంలో కారంపూడిలో జరిగే వీరుల ఉత్సవాల్లో కోడిపోరు పేరుతో ఇప్పటికీ ఒక రోజు ఉంది. ఆ కథ విన్నప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. అంతమంది వీరులు, అంతమంది మంత్రులు ఉన్న సభలో, పందెం కాసే ముందు "ఓడితే ఏమవుతుంది?" అనే ప్రశ్నకంటూ ఒక చోటు లేదు. అడిగినవాడు పిరికివాడైపోతాడు.

ఆ ప్రశ్నకు ఒక చోటు కేటాయించిన పనిముట్టు గురించే ఈ వ్యాసం. దాని పనితనం అంటే నాకు చాలా ఇష్టం.

మాల్టా ద్వీపంలో 1933లో పుట్టిన ఎడ్వర్డ్ డి బోనో వైద్యం చదివాడు, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో మనస్తత్వశాస్త్రం, శరీరధర్మశాస్త్రం చదివాడు. మెదడు ఎలా ఆలోచిస్తుందన్నదాని మీద జీవితమంతా రాస్తూనే ఉన్నాడు. అలవాటైన దారి వదిలి పక్కదారిన ఆలోచించడాన్ని లేటరల్ థింకింగ్ అని 1967లో పేరుపెట్టి ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. 1985లో 'సిక్స్ థింకింగ్ హ్యాట్స్' అనే చిన్న పుస్తకం రాశాడు. 2021లో కన్నుమూశాడు. ఆ పుస్తకంలో ఉన్నదల్లా ఆరు రంగుల టోపీలు, వాటిని వాడే పద్ధతి. కంపెనీల బోర్డు గదుల్లోనూ, బళ్లలోనూ దాన్ని వాడుతూ వచ్చారు.

తెలుగులో దీనికి మొదటే ఒక చిక్కుంది. మనకు టోపీ పెట్టడమంటే మోసం చేయడం. వ్యాపారం మాట్లాడుకునే చోట "ఇప్పుడు అందరం నల్ల టోపీ పెట్టుకుందాం" అంటే వినడానికి బాగుండదు. తలపాగా అందాం. కల్లంలో తలకు చుట్టిన తువ్వాలూ తలపాగానే, పంచాయితీకి కూర్చున్న పెద్దమనిషిదీ తలపాగానే. చుట్టుకోవడం, విప్పడం మన చేతిలో పని. ఈ పద్ధతి కీలకం కూడా ఆ చుట్టి విప్పడంలోనే ఉంది.

తెలుపు అంటే తెలిసిన సంగతులు, లెక్కలు. ఎరుపు మనసులోని వేడి: ఇష్టం, భయం, అనుమానం. నలుపు అపాయం. పసుపు లాభం, మంచి. ఆకుపచ్చ కొత్త చివురు, కొత్త దారి. నీలం పైనున్న ఆకాశం, అంటే మాట ఎటు పోతోందో చూసుకునే చూపు. గుర్తుండడానికి డి బోనో చెప్పిన పోలికలు తెల్ల కాగితం, నిప్పు, న్యాయమూర్తి నల్లకోటు, ఎండ, చెట్టు, ఆకాశం. మనకు ఇంకా దగ్గరివి ఉన్నాయి. పసుపు మన గడపకు శుభం. నలుపు మన బిడ్డ బుగ్గ మీది దిష్టిచుక్క. నల్ల పాగా పని సరిగ్గా దిష్టిచుక్క పనే. బిడ్డ మీద కోపంతో ఎవరూ చుక్క పెట్టరు, కాపాడుకోవాలని పెడతారు. నల్ల టోపీని తప్పులెన్నే టోపీ అనుకునేవాళ్లకు డి బోనో పదేపదే చెప్పిందీ అదే. ఆరింటిలోనూ ఎక్కువ పనికొచ్చేది అదేనన్నాడు. పసుపునూ ఆకుపచ్చనూ కలిపి పచ్చ అనేసే భాష మనది. లాభం చెప్పే పాగా వేరు, దారి వెతికే పాగా వేరు అని మనం కాస్త ఎక్కువ జాగ్రత్తగా గుర్తు పెట్టుకోవాలి.

ఇక అసలు నియమం. ఒక సమయంలో గదిలో ఉన్నవాళ్లందరూ ఒకే రంగు పాగా చుట్టాలి. అందరూ తెలుపైతే అందరూ తెలుపే, అందరూ నలుపైతే అందరూ నలుపే. ఒకడికి నలుపు, ఇంకొకడికి పసుపు ఇచ్చి కొట్లాడమని వదిలేయకూడదు. ఈ పుస్తకం పేరు విన్నవాళ్లలో చాలామంది ఇక్కడే తప్పు దారి పడతారు. "నువ్వు ఎప్పుడూ అడ్డం మాట్లాడతావు కదా, నల్లది నీకు" అని పంచేస్తారు. పంచిన క్షణానే పనిముట్టు విరిగిపోయింది. అలా చేస్తే అన్నదమ్ముల తగాదాకు రంగు వేసినట్టు అవుతుందే తప్ప తగాదా తీరదు.

చాపకూడు గుర్తుచేసుకోండి. ఆ కోడిపందెం కథలోని బ్రహ్మనాయుడే అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి ఒకే కూడు తినిపించాడని పల్నాడు చెప్పుకునే కథ. అక్కడ ఎవరి విస్తరి వాళ్లది కాదు, కూడు అందరిదీ. డి బోనో సమాంతర ఆలోచన అని పిలిచింది నాకు చాపకూడు లాగే కనిపిస్తుంది. అపాయమనే కూడు వడ్డిస్తే అందరూ అపాయమే తినాలి, లాభం వడ్డిస్తే అందరూ లాభమే.

మన ఇంటికి తిరిగి వద్దాం. నీలం పాగా పెద్దకోడలికి ఇద్దాం. లెక్కల పుస్తకం ఆమె చేతిలో ఉంది, అన్నదమ్ములిద్దరి మాటలోనూ ఆమెకు సగం సగం నిజం కనిపిస్తోంది. నీలం పని మొదట ప్రశ్నను సరిగ్గా పెట్టడం. "అమ్మాలా, ఏసీలో పెట్టాలా?" అని పెడితే గదిలో రెండే తలుపులుంటాయి. ఆమె పుస్తకంలో ఇలా రాస్తుంది: "ఈ 300 టిక్కీలను ఎప్పుడు, ఎంతెంత, ఏ దారిన డబ్బు చేసుకోవాలి?" ప్రశ్న మారగానే గది కాస్త పెద్దదవుతుంది. వడ్రంగి చెక్క కోసే ముందు గీసే గీత లాంటిది ఇది. గీత వంకరైతే రంపం ఎంత మంచిదైనా ఏం చేస్తుంది?

తెలుపు. ఇక్కడ నియమం కఠినం. తెలిసినది తెలిసినట్టు చెప్పాలి, తెలియనిది తెలియదనే చెప్పాలి, అభిప్రాయం మాత్రం చెప్పకూడదు. "ధర పెరుగుతుంది" అనేది తెలుపు కాదు. "పోయిన వారం యార్డులో తేజ ఇంత పలికింది" అనేది తెలుపు. కోడలు పుస్తకం తెరుస్తుంది. ఎరువుల కొట్టుకు, కౌలుకు తెచ్చిన అప్పు అసలూ వడ్డీ కలిపి ఐదు లక్షలు. రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకు పదివేలు. ఆరు నెలలు ఏసీలో పెడితే అరవై వేలు. 120 క్వింటాళ్ల మీద పంచితే క్వింటాకు ఐదు వందలు. దాని మీద ఏసీ అద్దె, హమాలీ, లారీ బాడుగ. ఈ అంకె ఇంట్లో ఇంతవరకు ఎవరికీ తెలియదు. పెద్దవాడు ఏసీ అన్నప్పుడు ధర పెరగడమే చూశాడు. తమ్ముడు వడ్డీ వడ్డీ అన్నాడే గానీ క్వింటాకు ఎంత పడుతుందో వేసుకోలేదు. ఐదు వందలనే సంగతి కాగితం మీదికి వచ్చాక అది అన్నదీ కాదు, తమ్ముడిదీ కాదు. ఇద్దరూ ఒకే వైపు కూర్చుని దాన్ని చూస్తున్నారు. ఈ ఒక్క కదలిక కోసమే నేను ఈ పద్ధతికి దండం పెడతాను.

తెలియనివి కూడా రాయాలి: కాయ ఇంకా ఎంత పచ్చిగా ఉంది? తూకంలో తేడా ఎంత వస్తుంది? నిరుటి సరుకు ఏసీల్లో ఎంత మిగిలి ఉంది? ఈ చివరిది తెలియకుండా ధర గురించి మాట్లాడడం చీకట్లో గొడ్డలి విసరడమే. మేనమామ రేపు యార్డులో కనుక్కుంటానంటాడు. ఆ పని ఆయన పేరు మీద పుస్తకంలోకి ఎక్కుతుంది.

ఎరుపు. దీని పనితనం చూడడానికి ఒక్క నిమిషం చాలు, ఎందుకంటే దీనికి ఇచ్చేది అంతే. మనసులో ఏముందో ఒక్క ముక్క చెప్పాలి. కారణం చెప్పకూడదు, ఎవరూ అడగకూడదు. పెద్దవాడు, "ఇప్పుడు అమ్మితే అవమానంగా ఉంటది." చిన్నవాడు, "విసుగొచ్చింది." తండ్రి వంతు వస్తుంది. కాసేపు ఏమీ అనడు. తర్వాత, "నాకు భయంగా ఉంది" అంటాడు. అంతే. ఆ పెద్దాయన ఆ మాట ఆ ఇంట్లో ముందెప్పుడూ అని ఉండడు. ఎందుకని ఎవరూ అడగరు, అడగకూడదన్నది నియమం. ఆ నియమం లేకపోతే ఆయన ఆ మాట అనేవాడే కాదు. భయాన్ని దాచుకుని దానికి లెక్కల చొక్కా తొడిగి, "మార్కెట్ బాగాలేదు" అనేవాడు. మనసులోనిది లెక్క వేషంలో తిరగకుండా దాని ముఖంతో దాన్ని బయటికి రానివ్వడం ఈ పాగా గొప్ప. కారణం అడిగితే మనిషి కారణం పుట్టిస్తాడు, తర్వాత ఆ పుట్టించిన కారణం కోసం పోట్లాడతాడు. డి బోనో ఆ సందును ముందే మూసేశాడు.

నలుపు. ఇప్పుడు పెద్దవాడు, అంటే ఏసీలో పెడదామన్నవాడే, ఏసీలో అపాయాలు చెప్పాలి. తప్పించుకోవడానికి లేదు. అందరి తలకూ నల్లదే ఉంది. మొదట మూతి బిగిస్తాడు. తర్వాత మెల్లగా, "రంగు తగ్గొచ్చు" అంటాడు. "వచ్చే కారుకు అందరూ మిరపే వేస్తే కొత్త కాయ వచ్చే లోపు పాతది అమ్ముడుపోదు" అంటాడు. ఇన్సూరెన్స్ ఉందో లేదో అడగనే లేదని ఒప్పుకుంటాడు. సాక్షి నోట వినడం వేరు, ముద్దాయి నోట వినడం వేరు. తన మాటలోని లోపం తానే వెతికిన మనిషికి పరువు పోయినట్టు ఉండదు, తెలివి చూపించినట్టు ఉంటుంది. ఇదే లోపం తమ్ముడు ఎత్తి చూపి ఉంటే ఆ రాత్రి ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. ఆ తర్వాత చిన్నవాడు అమ్మకంలో అపాయాలు చెబుతాడు. ఊరంతా తోలే వారంలోనే తోలితే దళారి ఎంతంటే అంతకే ఇచ్చేయాలి. డబ్బు చేతికొస్తే ఖర్చుకు దారులు వెతుక్కుంటుంది.

నలుపును మొదటే రానివ్వకూడదు. ఏ పాగా ముందు, ఏది తర్వాత అన్నది నీలం పాగా పనితనం. నలుపు ముందే వస్తే లెక్క పరుచుకోక మునుపే మాట విరుగుతుంది. పూర్తిగా చివరికి నెట్టేస్తే అందరూ ఉత్సాహపడి ఒక మాట ఇచ్చేసుకున్నాక దానికి అడ్డం పడినట్టవుతుంది.

పసుపు మీద ఎక్కువ నిలవను. ఒక్కటి చెబుతాను. లాభం చెప్పడానికి కూడా ఆధారం కావాలి, ఉత్త ఆశ చాలదు. చిన్నవాడు ఏసీలోని మంచి వెతకాలి కాబట్టి వెతుకుతాడు: ఏసీ బాండు, అంటే సరుకు పెట్టిన రసీదు, చూపి బ్యాంకులో అప్పు తెచ్చుకోవచ్చు, వడ్డీ రూపాయి లోపే పడుతుంది. ఇది ఇంతవరకు బల్ల మీదికి రాలేదు. రెండు రూపాయల వడ్డీ గురించి రోజూ బాధపడేవాడి నోటే రూపాయి వడ్డీ దారి వచ్చింది.

ఆకుపచ్చ వంతుకు వచ్చేసరికి కాగితం మీద చాలా ఉన్నాయి. ఐదు వందల అంకె, తండ్రి భయం, అన్న అవమానం, బాండు. ఇక్కడ ఎంత పిచ్చి మాటైనా ఒప్పే. పొడి పట్టించి అమ్మితే? మూడు విడతలుగా తోలితే? తాలుకాయ వేరుచేసి ముందు అదే అమ్మేస్తే? మేనమామ అంటాడు: "అప్పు మేరకే అమ్మితే ఏం?" కోడలు పెన్సిల్ తీస్తుంది. 115 టిక్కీలు అమ్మితే 46 క్వింటాళ్లు. పదకొండున్నర వేలకు 5,29,000. కమీషను, బాడుగ పోను ఐదు లక్షలు చేతికొస్తాయి. అప్పు మొత్తం తీరిపోతుంది. మిగిలిన 185 టిక్కీలు ఏసీలో ఉంటాయి, వాటి నెత్తిన వడ్డీ ఉండదు, ఏసీ అద్దె మాత్రమే. పెద్దవాడికి ఆగడమూ దక్కింది, చిన్నవాడికి వడ్డీ ఆగిపోయింది, తండ్రికి రాత్రి నిద్ర పడుతుంది.

ఈ దారి కొత్తదేమీ కాదు, తెలివైన రైతులు ఎప్పటినుంచో చేస్తున్నదే. అయితే ఆ గదిలో మాటలు అన్న వైపు, తమ్ముడి వైపు చీలి ఉన్నంతసేపు అది ఎవరికీ తట్టలేదు. మూడో దారిని తేవాల్సినవాళ్లు రెండు దారులకూ కాపలా కాస్తున్నారు మరి.

ఇంత చెప్పాక అవధానం గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు. నిషేధాక్షరి వాడు అక్షరం అక్షరానికి అడ్డం పడతాడు. సమస్య ఇచ్చేవాడు అసంబద్ధంగా కనిపించే పాదాన్ని విసురుతాడు. దత్తపది వాడు పొసగని మాటలు చేతిలో పెడతాడు. అప్రస్తుత ప్రసంగి పనే అవధాని ధ్యానం చెడగొట్టడం. సభ మధ్యలో ఒక పండితుణ్ణి అంతగా విసిగించినా ఎవరికీ కోపం రాదు, ఎందుకంటే అది పాత్ర. పాత్ర పేరు మీద ఎంత కటువైన అడ్డమైనా మర్యాదగా నిలబడుతుందని తెలుగువాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. రోమన్ కాథలిక్ చర్చి కూడా ఒకరికి సాధుత్వం ప్రకటించే ముందు అభ్యంతరాలు చెప్పడానికే ఒక అధికారిని 1587 నుంచి పెట్టుకుంది. 1983లో ఆ పదవి పాత్రను బాగా తగ్గించారు.

అడ్డం చెప్పే పాత్రను ఇలా ఒకరికి అప్పగించడం అవధానానికి సరిపోతుంది. అక్కడ తీర్పు చెప్పాల్సిన నిర్ణయమేమీ లేదు, ఉన్నది ఒక ప్రతిభకు పరీక్ష. ఇంట్లో, వ్యాపారంలో మాత్రం అడ్డం చెప్పే పాత్ర ఒక్కరికే ఇచ్చేస్తే నాలుగో సమావేశానికి ఆ మనిషి మాట చెవికెక్కదు. "వాడెప్పుడూ అంతే" అంటారు. అవధానంలోని పాత్ర అనే రక్షణను ఉంచుతూనే దాన్ని ఒక్కరి నెత్తిన వదలకుండా అందరి తలల మీదుగా తిప్పడం డి బోనో చేసిన పని. ఆ కీలు చాలా సన్నగా చెక్కింది. చూసీ చూడనట్టు పోతే కనపడదు.

ఇది కంపెనీ గదుల ఆట, పొలం గట్టు మీద పనికిరాదు అనుకునేవాళ్లకు నా దగ్గర పొలం గట్టు మీది సాక్ష్యమే ఉంది. 1980లలో గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పత్తి చేలలో తెల్లదోమ విరుచుకుపడింది. మందు మీద మందు కొట్టారు. పురుగు తగ్గలేదు, అప్పులు పెరిగాయి. 1987-88లో పత్తి రైతుల ఆత్మహత్యల గురించి దేశమంతా విన్నది. మందు కొట్టాలా వద్దా అనేది పత్తి రైతుకు అన్నిటికంటే ఖరీదైన వ్యాపార నిర్ణయం. ఆ నిర్ణయం పక్క చేనువాడిని చూసో, పురుగుమందుల కొట్టువాడి మాట మీదో జరిగిపోయేది.

అదే కాలంలో ఇండొనేసియా వరి పొలాల్లో సుడిదోమ ఇలాగే విజృంభించింది. 1986లో అక్కడి ప్రభుత్వం 57 రకాల పురుగుమందులను వరికి వాడకుండా నిషేధించింది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతు క్షేత్ర పాఠశాలలు మొదలయ్యాయి. ఆ విధానమే తర్వాత ఐరోపా నిధులతో ఆసియాలోని ఆరు దేశాల పత్తి చేలకు వచ్చింది. వాటిలో మన దేశం ఒకటి, మన దేశంలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగులో దానికి దొరికిన పేరు పొలంబడి. ఇంత చక్కటి పేరు మూలంలో కూడా లేదు.

పొలంబడిలో ఒక ఉదయం ఎలా ఉంటుందో చూడండి. పాతికా ముప్పై మంది రైతులు. ఐదేసి మంది గుంపులు. మంచు ఆరకముందే చేలోకి దిగుతారు. మొక్కలు ఎంచుకుని ఆకులు తిప్పి చూస్తారు. పచ్చదోమ ఎన్ని, తెల్లదోమ ఎన్ని, శనగపచ్చ పురుగు గుడ్లు ఎన్ని అని లెక్కపెడతారు. దాంతోపాటు అక్షింతల పురుగులు ఎన్ని, సాలీళ్లు ఎన్ని అని కూడా లెక్కపెడతారు. ఇది తెలుపు. గట్టు మీద చెట్టు కిందికి వచ్చి పెద్ద కాగితం పరుస్తారు. మధ్యలో పత్తి మొక్క బొమ్మ గీస్తారు. ఒక పక్క శత్రు పురుగులు, ఇంకో పక్క మిత్ర పురుగులు, పైన సూర్యుడో మబ్బో, కింద నేల తడి. ఎన్ని చూశారో అన్నీ అంకెలతో సహా వేస్తారు. అపాయమూ రక్షణా ఒకే కాగితం మీద ఎదురెదురుగా కూర్చుంటాయి. అటుపక్క నలుపు, ఇటుపక్క పసుపు. అడుగున ఈ వారం ఏం చేయాలో ఒక వాక్యం రాస్తారు. గుంపులో ఒకరు లేచి అందరి ముందూ చెబుతారు. మిగతా గుంపులు ప్రశ్నలు వేస్తాయి. పోయిన వారం చెప్పినవాడు ఈ వారం బొమ్మ గీస్తాడు, బొమ్మ గీసినవాడు లెక్క పెడతాడు.

నాకు ఆ కాగితం ఒక కళాఖండం లాగా కనిపిస్తుంది. బొమ్మ వంకరగా ఉన్నా సరే. రాయడం రాని రైతు కూడా పురుగు బొమ్మ వేయగలడు, వేలు పెట్టి చూపించగలడు. వాదన మనిషి మీదికి పోదు, కాగితం మీదికి పోతుంది. "అక్షింతల పురుగులు ఇన్ని ఉన్నప్పుడు మందెందుకు?" అని అడిగితే అది బొమ్మను అడిగినట్టు ఉంటుంది, గీసినవాణ్ణి నిలదీసినట్టు ఉండదు. పల్నాడు ఊళ్లలో ఒకరినొకరు పలకరించుకోని రెండు వర్గాలవాళ్లు ఒకే గుంపులో ఐదుగురిగా కూర్చోవాలంటే మధ్యలో అలాంటి కాగితం ఒకటి కావాలి. బోర్డు గదిలో రంగులు చేసిన పనిని ఇక్కడ ఒక పత్తి మొక్క బొమ్మ చేసింది. డి బోనో పాగాలూ, పొలంబడీ వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే కీలు దగ్గర కలిశాయి: మాటను మనిషి నుంచి విడదీసి మధ్యలో పెట్టడం.

లోపాలు లేవని అనను. డి బోనో తన పద్ధతి గురించి చెప్పుకున్నంత గట్టిగా దాన్ని కొలిచి చూపించలేదని విమర్శకులు అన్నారు, ఆ విమర్శ న్యాయమే. నాకు పెద్దగా కనిపించే చిక్కు వేరే. పాగాలు ఎన్ని మార్చినా పెద్దాయన ముందు నోరు మెదపని ఇల్లైతే తెలుపులో అంకెలు బయటికి రావు. అందుకే ఎరుపు వంతులో తండ్రి చివర్న మాట్లాడాలి, మొదట కాదు. ఆయన మొదట చెబితే మిగతావాళ్ల మనసులు ఆయన రంగులోకి మారిపోతాయి. ఇంకోటి, కౌలు రైతుకు ఆరు రంగుల వరకు పోయే తీరికే ఉండకపోవచ్చు. అప్పిచ్చినవాడే కాయ కొనేవాడైతే నిర్ణయం కల్లంలో పుట్టదు. అక్కడ కావాల్సింది వేరే, దాన్ని ఏ టోపీ తేలేదు.

ధర తర్వాత ఏమైందని అడుగుతారు. ఊహించుకున్న ఇల్లు కాబట్టి నేను ఏదైనా చెప్పొచ్చు, కానీ చెప్పను. ఆగస్టులో ధర పెరిగితే 300 టిక్కీలూ ఉంచాల్సింది అనిపిస్తుంది, పడితే అన్నీ అమ్మాల్సింది అనిపిస్తుంది. ఆ రాత్రి ఆ ఇంట్లోవాళ్లకు ఆగస్టు తెలియదు. తెలిసినదాన్ని ఎంత శ్రద్ధగా పరిచి చూసుకున్నారన్నదే పనితనం.

చివర మళ్లీ నీలం. కోడలు పుస్తకంలో తేదీ వేసి రాస్తుంది: 115 అమ్మకం, 185 ఏసీ. యార్డులో పాత నిల్వ సంగతి మేనమామ కనుక్కోవాలి. ఇన్సూరెన్స్ సంగతి పెద్దవాడు అడగాలి. బాండు సంగతి చిన్నవాడు బ్యాంకులో కనుక్కోవాలి. జూన్ మొదటి వారంలో మళ్లీ కూర్చోవాలి. కింద ఒక గీత గీసి, "మావయ్యా, ఇంకేమైనా రాయాలా?" అని మామగారిని అడుగుతుంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంటాడు. "భయమన్నాను కదా," అంటాడు, "అది కూడా రాయి."